గనిలో పుట్టి, చమురు బావికెక్కిన మాటలు

బంగారుపేటలో మారికుప్పం బండి ఎక్కితే కోరమాండల్, ఊరిగాం దాటాక వచ్చే స్టేషను చాంపియన్. ఊరి పూర్తి పేరు చాంపియన్ రీఫ్స్. కోలారు బంగారు గనుల్లో లోతుకూ దిగుబడికీ పేరుమోసిన గని అక్కడే ఉండేది. పేరు వినగానే ఎవరో దొర పందెం గెలిచి పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. తక్కిన గనులను మించిపోయామన్న గర్వం కాబోలు అనీ అనిపిస్తుంది. నిజానికి అది గని పనివాళ్ల సాంకేతిక పదం. ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో శతాబ్దాలుగా తగరం, రాగి తవ్వారు. రాతిలో ఖనిజం పాయలు పాయలుగా చీలి పోతుంది. ఆ పాయల్లో ప్రధానమైనదాన్ని అక్కడివాళ్లు 'చాంపియన్ లోడ్' అనేవారు. కోలారులో బంగారమున్న ముఖ్యమైన పొరకు ఆ పేరే నిలిచింది. అంటే రైలు స్టేషను బోర్డు మీద మనం చదువుతున్నది గని పరిభాషలోని ఒక మాట.

చమురు, సహజవాయువు పరిశ్రమలో వినబడే మాటల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్లు సాధారణంగా టెక్సాస్ నుంచో పెన్సిల్వేనియా నుంచో మొదలుపెడతారు. నేను కోలారు జిల్లా నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేలను తొలిచే పనుల్లో చమురు అందరికంటే చిన్నది. తగరం, బంగారం, బొగ్గు, ఉప్పు దానికి ఎంతో ముందువి. ఇంట్లో చిన్నవాడికి అన్నల బట్టలు వచ్చినట్టు చమురుకు పాత గనుల మాటలు వచ్చాయి. కొన్ని సరిగ్గా సరిపోయాయి, కొన్నిటిని కత్తిరించి కుట్టుకున్నారు. గని మాట ఎలా ఉండేదో తెలిస్తే, కోనసీమలో గ్యాసు బావి దగ్గర వినబడే మాటకు వేరు ఎక్కడుందో తెలుస్తుంది.

ఊరి పేరులో రెండో సగం, 'రీఫ్', వేరే దారిన వచ్చింది. నావికులకు రీఫ్ అంటే సముద్రంలో నీటి మట్టానికి పొడుచుకొచ్చే రాతి గట్టు. 1850ల్లో ఆస్ట్రేలియాలో బంగారానికి ఎగబడ్డవాళ్లు నేల మీదికి గట్టులా లేచిన పలుగురాయి వరసలను అదే మాటతో పిలిచారు. కోలారులో ఆధునిక తవ్వకాలకు 1870ల్లో మైసూరు ప్రభుత్వం నుంచి అనుమతి సంపాదించిన మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ ఐర్లండు మనిషి. న్యూజిలాండు యుద్ధాల్లో సైనికుడిగా పనిచేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. 1880లో గనులు చేపట్టిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ కార్న్‌వాల్ గనుల్లో ఆరితేరినది. ఆస్ట్రేలియా మాట ఒకటి, కార్న్‌వాల్ మాట ఒకటి కలిసి మన పక్క ఊరి పేరయ్యాయి.

ఈ ఇద్దరికీ ముందు ఊరిగాం వాళ్లున్నారు. టిప్పు సుల్తాను పతనం తర్వాత మైసూరు తూర్పు సరిహద్దు కొలవడానికి 1802లో వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఇక్కడి నేలలో బంగారం ఉందన్న మాట విని, బహుమానం ఇస్తానని ప్రకటించాడు. ఊరిగాం రైతులు బండ్ల మీద మట్టి తెచ్చి అతని ఎదుటే కడిగి బంగారపు రేణువులు చూపించారు. 56 కిలోల మట్టికి ఒక గ్రెయిన్ బంగారమన్న వారెన్ లెక్కను చరిత్ర రాసినవాళ్లంతా ఎత్తి రాస్తారు. మట్టి ఎలా ఎంచాలో, ఎలా కడగాలో తెలిసిన ఆ మనుషులకు దానికి తగ్గ మాటలు కూడా ఉండే ఉంటాయి. వాటిని ఎత్తి రాసినవాళ్లు నాకు కనబడలేదు. లావెల్‌ను కోలారుకు లాగింది వారెన్ రాసిన వ్యాసమే.

1883 నాటికి, కోలారు గనుల్లో ఒకటైన మైసూరు గని కంపెనీ డబ్బు అడుగంటింది. వాటాదారులు ఇక చాలన్నారు. మిగిలిన కొద్ది సొమ్ముతో కెప్టెన్ ప్లమ్మర్ పాతకాలపు స్థానికులు తవ్వి వదిలిన గోతుల వెంట లోతుకు పోయాడు. అక్కడ దొరికిందే చాంపియన్ లోడ్. కార్న్‌వాల్ గనుల్లో పని నడిపించే పెద్దను 'కెప్టెన్' అనడం ఆనవాయితీ, సైన్యంతో దానికి సంబంధం లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కొత్త సంస్థను నిలబెట్టిన జాడ పాతవాళ్ల గోతులదే.

ఇక కిందికి దిగుదాం. షాఫ్ట్ అంటే నిలువు దారి. అందులో మనుషులను దించే ఇనుప పంజరం కేజి, రాళ్లను పైకి తెచ్చే తొట్టి స్కిప్, షాఫ్టు తవ్వేటప్పుడు వాడే పెద్ద ఇనుప బాల్చీ కిబుల్. షాఫ్టులో గొంతు పనికిరాదు, వేల అడుగుల కింది కేక పైకి వినబడదు. అందుకని గంటలే భాష. కదిలే కేజికి ఒక గంట కొడితే ఆపమని. రెండు కొడితే దించమని. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారని. పైన వైండింగ్ ఇంజను నడిపే మనిషికి కింద ఎవరున్నారో కనబడదు. మూడు గంటలు వినబడ్డాయంటే తన చేతిలో ప్రాణాలున్నాయని తెలుసుకుని నడపాలి. ఇంత పొదుపైన భాష ఇంకెక్కడా నాకు కనబడలేదు.

షాఫ్ట్ అడుగున, కేజి ఆగే చోటుకు కింద, ఊట నీరు చేరడానికి ఒక గుంట వదులుతారు. దాని పేరు సంపు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఇల్లు కట్టేవాళ్లు పునాదితో పాటు తవ్వించే సంపు ఇదే. మంజీరా నీళ్లు, కావేరీ నీళ్లు పట్టుకునే ఆ తొట్టి పేరును శతాబ్దాల కిందట యూరపు గని పనివాళ్లు వాడారని మనం తలచుకోము. మోటారు ఇంజను అడుగున ఆయిలు చేరే గిన్నె కూడా సంపే, చమురు బావి దగ్గర మురుగు చేరే గుంట కూడా సంపే. కోలారు గనుల్లో సంపు నీళ్లు తోడడం రాత్రింబవళ్ల పని. 2001లో గనులు మూతపడి పంపులు ఆగాక లోపలంతా నీళ్లు నిండాయి.

చమురు భూగర్భ శాస్త్రానికి గని ఇచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన జంట 'ఫుట్ వాల్', 'హ్యాంగింగ్ వాల్'. చాంపియన్ లోడ్ తిన్నగా దిగదు. పడమటికి వాలి దిగుతుంది, లోతుకు పోయేకొద్దీ నిటారవుతుంది. దాని మందం చాలాచోట్ల కొద్ది అడుగులే. అంత సన్నటి పొరను తవ్వి తీసేస్తే మిగిలేది రెండు రాతి గోడల మధ్య వాలుగా ఉన్న సందు. ఆ సందులో నిలబడ్డ మనిషికి ఒక గోడ పాదాల కింద ఉంటుంది, అది ఫుట్ వాల్. ఇంకొకటి తల మీదికి వేలాడుతుంది, దీపం తగిలించుకునేది దానికే, అది హ్యాంగింగ్ వాల్. పనిచేసే మనిషి ఒంటిని కొలతగా పెట్టుకుని పుట్టిన మాటలివి. భూమి పొరలు తెగి జరిగిన చోట్లను వర్ణించడానికి భూగర్భ శాస్త్రజ్ఞులు వీటినే తీసుకున్నారు. తల మీది గోడ కిందికి జారితే నార్మల్ ఫాల్ట్, పైకి ఎక్కితే రివర్స్ ఫాల్ట్. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఇలా తెగిన పొరల పక్కనే చమురూ గ్యాసూ చిక్కుకుని నిలుస్తాయి. రాజమండ్రిలో కంప్యూటరు తెర మీద భూకంప తరంగాల గీతలు చూస్తూ ఇది హ్యాంగింగ్ వాల్, ఇది ఫుట్ వాల్ అని గుర్తుపెట్టే ఇంజనీరు ఏనాడూ అలాంటి సందులో నిలబడి ఉండకపోవచ్చు. మాట మాత్రం నిలబడ్డవాడిదే.

ఆ సందునే 'స్టోప్' అంటారు. మెట్లు మెట్లుగా తవ్వుతారు కనుక, మెట్టు అనే అర్థమున్న మాటకు చుట్టం అది. లోతు పెరిగేకొద్దీ రెండు గోడలూ ఒకదాని మీదికి ఒకటి ఒరుగుతాయి. కోలారులో వాటి మధ్య చెక్కిన గ్రానైటు రాళ్లను గోడల్లా పేర్చి నిలబెట్టేవారు. కిలోమీటర్ల లోతుకు గ్రానైటు దించి, అక్కడ తాపీ పని చేసి, ఆ నీడలో బంగారం తవ్వారు. లోపలి రాయి వేడి 60 డిగ్రీలు దాటే చోట్లు ఉండేవి. గాలిని చల్లబరచి కిందికి పంపితే తప్ప మనిషి నిలవలేడు.

కార్న్‌వాల్ భాష మాట్లాడేవాళ్లు కరువైపోయినా ఒక చిన్న మాట మాత్రం ప్రపంచమంతా బతికే ఉంది. రాయి పగలగొట్టినప్పుడు లోపల చిన్న గుహలాంటి బొరియ, దాని గోడలకు స్ఫటికాలు కనబడితే అక్కడివాళ్లు 'వగ్' అనేవారు. గుహకు వాళ్ల సొంత భాషలోని మాట అది. ఇప్పుడు సున్నపురాతిలో చమురు నిలిచే బొరియలకు పెట్రోలియం శాస్త్రంలో అదే పేరు. 1974లో చమురు దొరికిన బాంబే హైలో చమురుంది సున్నపురాతిలోనే, వగ్గులున్న రాతిలోనే. ఏ మూల తగరం గనిలోనో పుట్టిన ఏకాక్షరం అరేబియా సముద్రం అడుగుకు చేరింది.

బంగారం చమురుకు సూటిగా ఇచ్చిన మాట ఒకటుంది, 'పే'. 1849 తర్వాత కాలిఫోర్నియాలో కడిగితే కూలి గిట్టే మట్టిని 'పే డర్ట్' అన్నారు. కడిగిన శ్రమకు డబ్బిచ్చే మట్టి అని. చమురువాళ్లు దాన్ని 'పే శాండ్' చేశారు, తర్వాత 'పే జోన్'. ఇవాళ ఒక బావి తవ్వాక ఇంజనీర్లు రాసే నివేదికలో 'నెట్ పే' ఇన్ని మీటర్లు అని తేలుస్తారు. అంటే తొలిచిన రాతి మందంలో ఖర్చుకు తగ్గ చమురో గ్యాసో ఇచ్చే మందం ఎంత అని. బంగారం పోయింది, గిట్టుబాటు మిగిలింది. కోలారు గనులనూ చివరికి ఈ మాటే మూసింది. దాదాపు 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చిన గనుల్లో రాయి ఇంకా ఉంది, బంగారమూ కొంత ఉంది, గిట్టే రాయి లేదని లెక్కలు తేల్చాయి.

'వైల్డ్‌క్యాట్' కథ కూడా గని మీదుగానే నడిచింది. అమెరికాలో 1830ల నాటి నమ్మలేని బ్యాంకులకు మొదట ఆ పేరు. తర్వాత నమ్మలేని గని వాటాలకు. ఆ తర్వాత ఇంతకు ముందు ఎవరూ చమురు చూడని చోట ధైర్యం చేసి వేసే బావికి. మన దక్షిణాదిలో వైల్డ్‌క్యాట్ గనులకు కొదవలేదు. 1880 ప్రాంతంలో వయనాడు బంగారం పేరు చెప్పి లండనులో పదుల కొద్దీ కంపెనీలు వెలిశాయి, వాటాలు అమ్మాయి, దాదాపు అన్నీ కూలాయి. కోలారు కంపెనీలు మొదట ఆ గాలిలోనే పుట్టాయి. నిలబడ్డవి అవే. చమురు విషయంలో మన తెలుగు నేల మీద అలాంటి ధైర్యం 1978లో నరసాపురం దగ్గర ఓ.ఎన్.జి.సి. చేసింది. నరసాపురం 1 అన్న ఆ బావిలో గ్యాసు పడ్డాకే గోదావరి డెల్టా పరిశ్రమ పటం మీదికి వచ్చింది.

ఇంతవరకు చెప్పినవన్నీ మనిషి లోపలికి దిగే పనిలో పుట్టిన మాటలు. చాంపియన్ రీఫ్ గని దాదాపు 3,200 మీటర్ల లోతుకు చేరింది, ఆ లోతుకు మనుషులు దిగి పనిచేశారు. కోనసీమలో గ్యాసు బావులు కూడా వేల మీటర్ల లోతుకు దిగుతాయి, కానీ అక్కడికి దిగేది పైపు మాత్రమే. చమురు మనిషికి కింద ఏముందో కంటికి కనబడదు. పైన నిలబడి అదురును బట్టి, బరువును బట్టి, వాసనను బట్టి ఊహించుకోవాలి. చమురు పరిశ్రమ సొంతంగా పుట్టించిన మాటల్లో ఈ చీకటి తడుములాట బాగా కనబడుతుంది. పైపు తెగి కింద పడిపోతే దాన్ని 'ఫిష్' అంటారు, పైనుంచి గాలం లాంటి పనిముట్లు దించి వెతికి పట్టడం 'ఫిషింగ్'. లోపలి ఒత్తిడి బురదను పైకి తన్నితే 'కిక్'. గంధకం తక్కువున్న ముడి చమురు 'స్వీట్', ఎక్కువున్నది 'సోర్'. తొలినాటి పనివాళ్లు నాలుకతో, ముక్కుతో పరీక్షించిన రోజులవి.

చమురు తవ్వకానికి దగ్గరి పూర్వికులు ఉప్పు బావులు తవ్వినవాళ్లు. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ తవ్వించిన బావి లోతు 70 అడుగులకు కాస్త తక్కువ. తవ్వినవాడు ఉప్పు బావులకు పనిముట్లు చేసే కమ్మరి విలియం స్మిత్. మన కోలారు పల్లెలో ఆ లోతుకు చేతి బావులే ఉండేవి. చమురు పట్టడానికి ఏ పీపా దొరికితే అది వాడారు, గొడవలయ్యాయి, చివరికి 1870ల ఆరంభానికి 42 గ్యాలన్ల పీపా స్థిరపడింది. చమురు ఇప్పుడు పీపాల్లో పోదు, 159 లీటర్ల ఆ బ్యారెల్ మాత్రం పేపర్లో రోజూ ధర చెబుతుంది. బావి మీద నిలబెట్టే ఇనుప గోపురం 'డెరిక్' పేరు వెనక ఇంకా భయంకరమైన మనిషున్నాడు. 1600 ప్రాంతంలో లండనులో ఉరి తీసే తలారి థామస్ డెరిక్. అతని పేరు ముందు ఉరికంబానికి, తర్వాత బరువులెత్తే యంత్రానికి, ఆ తర్వాత చమురు బావికి పాకింది. బతుకుదెరువు కోసం దాని మీదికి ఎక్కే పనివాడికి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

డ్రిల్లింగు బురద, అంటే 'మడ్', గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో మన కడప సీమ కలిసి ఉంది. 1901 జనవరిలో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఎగజిమ్మిన బావికి, ఇసుక కూలిపోకుండా నిలపడానికి, పశువులను గుంటలో తొక్కించి బురద చేసి వాడారని చెబుతారు. ఇప్పుడు మడ్ అంటే కొలతల ప్రకారం కలిపే ద్రవం. తొలిచే బిట్‌ను చల్లబరుస్తుంది, రాతి పొడిని పైకి మోసుకొస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా తన బరువుతో లోపలి గ్యాసును అణచిపెడుతుంది. ఆ బరువు కోసం కలిపేది బెరైటీస్, మనవాళ్ల ముగ్గురాయి. ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిల్వ ప్రపంచంలోనే పెద్ద నిల్వల్లో ఒకటి. నీటికి నాలుగు రెట్లకు మించిన బరువుండే ఆ తెల్లరాయి పొడి మంగంపేట నుంచి దేశదేశాల చమురు బావులకు పోతుంది. ఎక్కడో ఎడారిలో బావి పేలకుండా ఆగిందంటే దాన్ని అణచిన బరువులో మన రాయి ఉండొచ్చు.

ఆ బరువు చాలకపోతే ఏమవుతుందో కోనసీమకు తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి పేలింది. మంటను అదుపు చేయడానికి రెండు నెలలకు పైగా పట్టింది. కొబ్బరి తోటల మీద రాత్రులు పగలయ్యాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటిదాకా ఇంజనీర్ల మాటగా ఉన్న 'బ్లోఅవుట్' ఆ రెండు నెలల్లో తెలుగు మాటయింది. ఇవాళ అమలాపురంలో ఎవరినడిగినా అనువాదం అడగకుండా అర్థం చెబుతారు.

చాంపియన్ రీఫ్స్‌కు అలాంటి మాట 'ఎయిర్ బ్లాస్ట్'. లోతు రాతి మీద పడే బరువు ఒక్కసారిగా విడుదలై గోడలు పేలిపోవడాన్ని, ఆ ఊపుకు గాలి విసురుగా దూసుకురావడాన్ని పనివాళ్లు మొదట అలా అన్నారు. తర్వాతి కాలపు శాస్త్రం 'రాక్ బర్స్ట్' అంది. పైన లైన్లలో, అంటే కూలీల వరస ఇళ్లలో, గిన్నెలు అదిరితే ఆడవాళ్లు షాఫ్టు వైపు పరుగెత్తేవారు. కేజి పైకి వచ్చేదాకా ఎవరు మిగిలారో తెలియదు. రాతి పేలుళ్లను అర్థం చేసుకోవడంలో కోలారు అనుభవం ప్రపంచానికి పాఠమయింది. 1988లో ఏర్పడిన జాతీయ రాక్ మెకానిక్స్ సంస్థ పుట్టినిల్లు చాంపియన్ రీఫ్సే. రాయి ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు విరుగుతుంది అన్నది దాని విషయం. చమురు పరిశ్రమకు అదే విజ్ఞానం ఇంకో తీరుగా అవసరపడింది. విశాఖపట్నంలో కొండరాతిని తొలిచి, 13 లక్షల టన్నులకు పైగా ముడి చమురు దాచే గుహలు కట్టారు. నేలలోంచి తీసిన చమురును మళ్లీ గనిలో దాచినట్టే. అక్కడ పనిచేసినవాళ్లు మాట్లాడింది షాఫ్టు, టన్నెలు, బెంచి, రాక్ బోల్టు అనే గని భాషే.

పేర్ల విషయంలో మాత్రం రెండు పరిశ్రమలకూ పొత్తు కుదరదు. చాంపియన్ రీఫ్‌లో షాఫ్టుల పేర్లు గిఫర్డ్, హీత్‌కోట్. మైసూరు గనిలో ఎడ్గర్. ఊళ్ల పేర్లు కూడా రాబర్ట్‌సన్ పేట, ఆండర్సన్ పేట. వాటిని తవ్వినవాళ్లు ఉత్తర ఆర్కాటు నుంచి, సేలం నుంచి, చిత్తూరు వైపు నుంచి మేస్త్రీల వెంట వచ్చిన తమిళులు, తెలుగువాళ్లు, చుట్టుపక్కల కన్నడిగులు. ఒక షాఫ్టుకైనా వాళ్ల పేరుందా అంటే నాకు తెలిసి లేదు. గోదావరి బావుల పద్ధతి వేరు. బావి పడ్డ ఊరి పేరు, పక్కన ఒక అంకె: నరసాపురం 1, పాశర్లపూడి 19. లెక్క కోసం పెట్టిన పేరే అయినా, ఆ ఊరు ఉందని చెబుతుంది. సముద్రంలో రవ్వ క్షేత్రానికి తెలుగు మాటే దక్కింది. ఈ పద్ధతే న్యాయమని నా అభిప్రాయం.

తెలుగువాళ్లు నేల తొలిచిన ఇంకో పెద్ద చోటు సింగరేణి. అక్కడ గనిని గని అనరు, 'బాయి' అంటారు. 'బాయికి పోయిండు' అంటే డ్యూటీకి పోయాడని. పొర వాలిన వైపు డిప్పు, ఎత్తు వైపు రైజు. ఆ డిప్పే చమురు భూగర్భ శాస్త్రంలోనూ పొర వాలు. బొగ్గు పొరల్లోంచి వచ్చే మంట గాలిని యూరపు గని పనివాళ్లు ఫైర్ డ్యాంప్ అన్నారు. పాత జర్మన్ వాడుకలో డ్యాంప్ అంటే ఆవిరి. అందులో ఉండేది మీథేను, సహజవాయువులో ముఖ్యమైన భాగమూ అదే. బొగ్గు బాయిలో ప్రాణాలు తీసే గాలి, కోనసీమ నుంచి పైపులో వంటింటికి వచ్చే గాలి ఒకటే. గోదావరి రైతు కూడా గ్యాసు తీసే చోటును బావి అనే అంటాడు. నీళ్ల బావి, బొగ్గు బాయి, గ్యాసు బావి అన్నిటికీ తెలుగు ఒకే మాటతో సరిపెట్టింది. కొరత వల్ల కాదు, మూడూ ఒక పనే అని పట్టుకున్న చూపు అది.

కోలారు జిల్లాలో ఆ చూపు ఇవాళ పొలాల్లో కనబడుతుంది. ఏడాది పొడవునా పారే నది లేని జిల్లా. చెరువులు ఎండాక రైతులు బోర్ల మీద పడ్డారు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని చోట్లున్నాయి. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు రాత్రంతా మోత పెడుతుంటే, ముళబాగిలు దగ్గరో శ్రీనివాసపురం దగ్గరో తెలుగు మాట్లాడే రైతు గట్టు మీద కూర్చుని 'కేసింగు ఎన్నడుగులు దిగింది', 'బిట్టు మార్చినారా', 'రాయి ఎట్లుంది' అని అడుగుతుంటాడు. రిగ్గు, కేసింగు, బిట్టు, హ్యామరు. ఓ.ఎన్.జి.సి. ఇంజనీరు సముద్రంలో వాడే మాటలకూ ఈ రైతు మాటలకూ తేడా లేదు. చమురు పరిశ్రమ పదజాలం కష్టమని భయపడే విద్యార్థికి నేను చెప్పేది ఇదే: సగం మాటలు మీ నాయనకు వచ్చు, అడగండి.

గని ఊరి మాటల సంగతి అలా లేదు. కోలారు గనులు 1956లో ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి, 2001 ఫిబ్రవరి ఆఖరుతో ఆగాయి. సైనైడు దిబ్బలు ఇంకా ఉన్నాయి, సినిమావాళ్లు వచ్చి షూటింగు చేసుకుని పోతారు. స్టోపుల్లో గ్రానైటు పేర్చినవాళ్లు, గంటల లెక్క తెలిసినవాళ్లు వయసు పైబడ్డారు. ఇంగ్లీషు మాటలు నిఘంటువుల్లో భద్రంగా ఉన్నాయి. వాటిని తెలుగు, తమిళ, కన్నడ నాలుకలు ఎలా మార్చాయి, వాటి పక్కన ఏ సొంత మాటలు పుట్టాయి, ప్రమాదం వచ్చినప్పుడు ఏమని అరిచేవారు అన్నవి ఆ మనుషుల నోళ్లలోనే ఉన్నాయి.

ఊరూరా తిరిగి వృత్తి పదాలు సేకరించడం తెలుగుకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లోనే వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది, తర్వాత చేనేత పదాలది వచ్చింది. రైతుకూ నేతగాడికీ చేసిన ఆ పని గని కార్మికుడికీ గ్యాసు బావి కార్మికుడికీ జరగాలి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. చాంపియన్ రీఫ్స్ దానికి దూరమేమీ కాదు. మూడు ద్రావిడ భాషలు ఒకే షాఫ్టులో దిగిన చోటు అంతకంటే దగ్గరలో దొరకదు. భాషా శాఖలో పరిశోధనకు విషయం వెతుక్కుంటున్న పిల్లలెవరైనా ఉంటే ఒక రికార్డరు పట్టుకుని ఈ ఏడాదే చాంపియన్ రీఫ్స్ లైన్లకు వెళ్లండి, ఆ పెద్దల పక్కన కూర్చుని వినండి.